ఏ మొహం పెట్టుకుని

విప్పకండి అన్నయ్యా, విప్పకండి! ఆ ఇస్త్రీ పెట్టెకి ఏమీ కాలేదు. నిక్షేపంలా ఉంది. పొద్దున దానితోనే కర్టెన్లు ఇస్త్రీ చేశాను. ఊరికే చేతులూపుకుంటూ వస్తే ఏంటమ్మా ఇలా వచ్చావు అని మీరడుగుతారు, నేను గుమ్మంలోనే గొల్లుమంటాను, బజారంతా చూస్తుంది. అందుకని అదొక వంక. ఆ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి కాస్త నా మాట వినండి.

కూర్చుంటాలెండి. ఆ ఫ్యాన్ రెక్కలు ఇటు జరిపితే చాలు. టీ ఏం వద్దు.

మీ స్నేహితుడు మాట్లాడటం మానేశారు. అదీ సంగతి.

నాతోనే కాదు, ఎవరితోనూ. తింటారు, చెయ్యి కడుక్కుంటారు, వచ్చి ఆ కుర్చీలో కూలబడతారు. పేపరు తలకిందులుగా పట్టుకున్నా చూసుకోరు. ఆయన నోరంటే మీకు తెలియనిదా? ఇంట్లో రేడియో కొనే అవసరమే రాలేదు మాకు. కాసేపు ఆపండి మహానుభావా అని ఎన్నిసార్లు దణ్ణం పెట్టి ఉంటాను! ఇప్పుడేమో, ఏదో ఒకటి అనండి, కూరలో ఉప్పెక్కువైందని తిట్టండి, నా పుట్టింటివాళ్ళని ఆడిపోసుకోండి అని బతిమాలుతున్నాను. ఊహూ.

జ్వరమా? జ్వరమైతే మాత్ర వేసి పడుకోబెట్టేదాన్నిగా. కొడుకు ఒక మాటన్నాడు అన్నయ్యా. దానికి జవాబు దొరక్క అలా అయిపోయారు.

వాడు చెడ్డవాడేం కాదు. అంటే, నేను తల్లిని, అలాగే అంటాననుకోండి. కానీ నిజంగా కాదు. తాగడు, తిరగడు. పని నుంచి రాగానే నా కాళ్ళ దగ్గర కూర్చుని మిషన్‌కి నూనె వేస్తాడు, సూదిలో దారం ఎక్కిస్తాడు. అలాంటివాడు.

ఆగండి, తోకముందు తలవెనక చెప్తున్నాను. మొదట్నుంచీ వస్తాను.

లిఫ్టు మెకానిక్‌గా వాడి చేతి కిందున్న మేడల్లో, పళ్ళ డాక్టరు వీధి చివర నాలుగంతస్తులది ఒకటుంది. మీరూ ఈయనా కలిసి బిగించిన లిఫ్టేనట అందులో. ఆ పై అంతస్తులో ఒక చిన్నమ్మాయి ఉంటుంది. చిన్నమ్మాయంటే పెళ్ళయి, బుడిబుడి నడకల కూతురున్న పిల్లే, నా కంటికి చిన్నది. వాళ్ళింటికి కర్టెన్లు కుట్టి పట్టుకెళ్ళాను. బరువు కదా అని లిఫ్ట్ ఎక్కాను.

తలుపు జరిగింది, జరిగింది, ఇంకా జానెడు సందు ఉందనగా ఆగిపోయింది. సరేలే, ఇక కదలదు, దిగి మెట్లెక్కుదాం అనుకుంటున్నానా, కదిలింది! తలుపు తెరుచుకునే ఉంది, లిఫ్ట్ పైకి పోతోంది. నా మొహం ముందు నుంచి గోడ కిందికి జారిపోతోంది. కర్టెన్ కొస ఆ సందులోకి వెళ్ళి ఎక్కడో తగులుకుంది. ఎంత గట్టిగా లాగిందనుకున్నారు! చించుకుని వెనక్కి పడ్డాను. కర్టెన్ కాబట్టి సరిపోయింది. చెయ్యి అయితే?

ఆ రోజు భోజనాల దగ్గర నేనేదో వింత చెప్పినట్టు చెప్పాను. లిఫ్టుకి దయ్యం పట్టిందిరా, తలుపు తెరుచుకునే తిరుగుతోంది అన్నాను. మావాడు తలెత్తకుండా, "తీగ వేశానమ్మా" అన్నాడు. పప్పులో ఉప్పు వేశానమ్మా అన్నంత తేలిగ్గా.

తీగంటే ఏంటో మీకు నేను చెప్పాలా? మీ పనే కదా అది. అయినా నాకు అర్థమైంది చెప్తాను, తప్పయితే దిద్దండి. తలుపు పూర్తిగా మూసుకుంటేనే లిఫ్ట్ కదలాలి. అది చూడటానికి తలుపు దగ్గర ఒక స్విచ్ ఉంటుంది. ఆ స్విచ్ అరిగిపోయి మొరాయిస్తే, తలుపు మూసుకున్నా సరే లిఫ్ట్ కదలదు. జనం మెకానిక్‌కి ఫోన్ చేసి తిడతారు. అప్పుడు మీవాళ్ళు ఒక తీగ ముక్క తీసి ఆ స్విచ్ రెండు కొసలూ కలిపేస్తారు. ఇంక తలుపు మూసుకున్నా, బార్లా తెరుచుకున్నా, మూసుకునే ఉందని లిఫ్ట్ నమ్మేస్తుంది. హాయిగా తిరుగుతుంది. కొత్త స్విచ్ వచ్చేదాకా అంటారు. కొత్త స్విచ్ ఎప్పుడొస్తుంది? ఎందుకొస్తుంది? తీగ వేసిన లిఫ్ట్ మీద ఫిర్యాదే రాదు కదా!

అంతేనా? అంతే కదా. ఇన్నేళ్ళు మెకానిక్‌తో కాపురం చేశాక ఆ మాత్రం తెలుస్తుంది.

ఈయన కంచం ముందు నుంచి లేచారన్నయ్యా. నేనెప్పుడూ చూడలేదు ఆయన్ని అలా. "లే. ఇప్పుడే వెళ్ళి తియ్యి. అందులో పసిపిల్లలు తిరుగుతారు. మనిషివా నువ్వు?" అని అరిచారు. పక్కింటివాళ్ళు టీవీ తగ్గించారు, వినడానికి.

వాడు అరవలేదు. అరిస్తే బాగుండేది. మెల్లిగా చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకుంటూ అన్నాడు. "మొదటి తీగ నా చేతిలో పెట్టింది నువ్వే నాన్నా. ఇది జేబులో ఉంటే సెలవు రోజు ఫోన్ మోగదురా అన్నావు. నీ సర్వీసులో తీగ లేని లిఫ్ట్ ఒకటి చూపించు, తీసేస్తాను. ఏ మొహం పెట్టుకుని చెప్తున్నావు?"

అదన్నయ్యా ఆ మాట.

ఈయన నోరు తెరిచారు. మూశారు. మళ్ళీ తెరిచారు. నేను చూస్తూనే ఉన్నాను, ఏదో ఒకటి వస్తుంది, ఇంత మాటకారి, ఏదో ఒకటి దొరుకుతుంది అని. రాలేదు. కూర్చున్నారు. అప్పట్నుంచీ అంతే.

ఏమిటీ? ఆయనే వెళ్ళి తీసెయ్యొచ్చుగా అంటారా? నేనూ అదే అన్నాను. లిఫ్టు గది తాళం వాడి దగ్గరుంటుంది. తాళం ఇచ్చినా, ఈయన పొద్దున తీస్తే వాడు సాయంత్రం వేస్తాడు. వాడి చేత్తో వాడు తియ్యాలి, లేకపోతే తీసినట్టు కాదు. ఆ ఒక్క మేడలోనే వేశాడని ఏంటి నమ్మకం?

నా బుర్ర నన్ను తినేస్తోంది. కర్టెన్ అంచులు కుడుతూ కూర్చుంటే చేతులకి పనుంటుంది గానీ బుర్రకి ఉండదు. ఒకటే ఆలోచన. కొడుకుని అనే హక్కు తండ్రికి ఉందా, లేదా?

ఒకసారి, లేదు అనిపిస్తుంది. మా అత్తగారు మీకు గుర్తుందా? మధ్యాహ్నం ఇల్లదిరిపోయేలా గురకపెట్టి నిద్రపోయేది. లేచి వచ్చి, నేను కునుకు తీస్తుంటే, "పట్టపగలు నిద్రేంటి ఆడపిల్లకి" అనేది. ఒళ్ళు మండిపోయేది నాకు! ఆవిడ అన్నదని పంతం పట్టి ఇంకో గంట పడుకునేదాన్ని. నిద్ర రాకపోయినా పడుకునేదాన్ని. మరి మావాడికి మండదా? నా కొడుకే కదా వాడు.

ఇంకోసారి, ఉంది, ఆయనకే ఉంది అనిపిస్తుంది. తీగ సంగతి వేసినవాడికి తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది? ఇదే మావాడితో అన్నాను. "ఒరే, జారిపడ్డవాడు లేచి, ఇక్కడ తడిగా ఉంది చూసుకో అంటే, నువ్వు పడ్డావుగా, చెప్పడానికి నువ్వెవరు అంటామా?" అని. నాకే ముచ్చటేసింది, ఇంత బాగా ఎలా వచ్చిందా ఈ మాట అని. వాడేమన్నాడో తెలుసా?

"నాన్న జారిపడలేదమ్మా. నీళ్ళు పోసిందే నాన్న."

మాటలు ఈయన దగ్గర్నుంచే వచ్చాయి వాడికి. పని కూడా ఈయన దగ్గర్నుంచే వచ్చింది. అన్నీ ఈయనవే, ఈయన్నే కొడుతున్నాడు వాటితో.

పోనీ అక్క చెప్తే వింటాడేమో అని మా అమ్మాయితో ఫోన్ చేయించాను. అది మొదలుపెట్టింది బ్రహ్మాండంగా. నేను వాడి పక్కనే ఉన్నాను, ఫోన్‌లోంచి నాకు కూడా వినిపిస్తోంది. ప్రాణాలతో చెలగాటం ఏంట్రా, బుద్ధుందా అని కడిగేస్తోంది. వాడు అంతా విని, "అక్కా, నువ్విప్పుడు స్కూటర్ మీదున్నావు కదూ? హారన్లు వినిపిస్తున్నాయి. ముందు పిల్లాడు నిలబడ్డాడా, వెనక పిల్ల కూర్చుందా? ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించావా?" అన్నాడు. అది గతుక్కుమంది. తర్వాత మాట్లాడతా అని పెట్టేసింది. తర్వాత ఎప్పుడండీ? ఇంకా ఆ తర్వాత రాలేదు.

మావాడి మేనేజర్ దగ్గరికి కూడా వెళ్ళాను. నిజం! వాడికి తెలీకుండా. పేరు చెప్పలేదు, పేరు చెప్తే ఉద్యోగం పోతుంది, ఇంకా ఏదైనా కేసు కూడా పెడతారేమో, నాకేం తెలుసు? ఎవరో మెకానిక్ ఎక్కడో తీగ వేశాడని విన్నాను బాబూ అన్నాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "అమ్మా, మా కంపెనీలో అలాంటివి సహించం" అన్నాడు. మర్నాడే అందర్నీ పిలిచి మీటింగ్ పెట్టాడు. ప్రయాణికుడి ప్రాణమే మన ప్రాణం అన్నాడట. గొంతు కూడా గద్గదమైందట. మావాడు ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టి వచ్చాడు. ఇంటికొచ్చి ఆయన ఎలా కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడో చేసి చూపించాడు. కొత్త స్విచ్ కొనమని మావాడు రాసి పంపిన కాగితం మీద సంతకం పెట్టకుండా ఆపింది ఆయనే. ఇద్దరు చేసే పని ఒక్కడికి అంటగట్టిందీ ఆయనే.

కానీ చూడండి, ఆయనన్న మాటలో తప్పేముంది? అక్షరం అక్షరం నిజమే. ఆ నోట్లోంచి వచ్చేసరికి నవ్వులాటైపోయింది. నేనూ నవ్వాను అన్నయ్యా. ఏం చెయ్యను, వాడు అచ్చం ఆయన్లాగే చేశాడు. నవ్వాక నా మీద నాకే అసహ్యమేసింది.

ఎవరో వచ్చారు చూడండి. మిక్సీ అట. అమ్మా, రేపు రామ్మా, అన్నయ్యకి ఒంట్లో బాగాలేదు. నేనా? నేను చెల్లెల్ని. రేపు, రేపు.

ఏమనుకోకండి. ఇవాళ మీకు ఒంట్లో బాగాలేదు, అంతే.

నన్నేమన్నాడు అంటారా? ఇంకా ఆ దగ్గరికి రాలేదు అనుకున్నాను, మీరే అడిగారు. నన్ను గట్టిగా అనలేదు. అమ్మ కదా. "అమ్మా, మనం సముద్రానికి వెళ్ళేవాళ్ళం గుర్తుందా?" అని అడిగాడు. గుర్తులేకేం? సెలవు రోజు పొద్దున్నే డబ్బాల్లో తిండి సర్దుకుని నలుగురం బస్సెక్కేవాళ్ళం. ఇసకలో ఈయన పాటలు, పిల్లల అరుపులు. "ఆ రోజుల్లో ఫోన్ ఒక్కసారైనా మోగిందా?" అన్నాడు. మోగలేదు. "ఎందుకు మోగలేదో తెలుసా?" అన్నాడు.

తెలుసన్నయ్యా. అప్పుడు తెలీదు అని అబద్ధమాడను మీ దగ్గర. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు నేనే గొడవపడేదాన్ని. "ఎప్పుడు చూడు ఆ ఫోన్, మాతో ఒక పూట ఉండలేరా? ఏదో ఒకటి చేసి ఆ ఫోన్ మోగకుండా చెయ్యండి" అనేదాన్ని. ఏదో ఒకటి అంటే ఏంటని నేనడగలేదు. ఆయన చెప్పలేదు. ఫోన్ మోగడం మానేసింది. సముద్రం బాగుండేది.

కాబట్టి నా నోరూ మూతపడింది.

ఇక్కడే ఉంది వాడి తెలివంతా. తీగ వెయ్యడం తప్పు కాదని వాడు ఒక్కసారి కూడా అనలేదు. గమనించారా? తప్పా ఒప్పా అన్నదాని జోలికే పోడు. చెప్పడానికి నువ్వెవరు అంటాడు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళం వెళ్ళడం, మొహం చూపించడం, మొహం మాడ్చుకుని రావడం. ఎవరు చెప్పాలో తేలేలోపు ఆ లిఫ్ట్ కిందికీ పైకీ తిరుగుతూనే ఉంది. ఆ బుడ్డది, ఆ చిన్నమ్మాయి కూతురు, లిఫ్ట్ అంటే దానికి ఆట. తల్లి చెయ్యి విడిపించుకుని ముందు అదే పరిగెడుతుంది. సందు కనబడితే వేలు పెడుతుంది. ఆ వయసు పిల్లలకి అదే కదా పని!

అందుకు వచ్చాను మీ దగ్గరికి.

మిమ్మల్ని మీవాళ్ళంతా నిదానం అనేవాళ్ళు కదా? మా ఆయన ఎన్ని జోకులు వేసేవారని! "నిదానంగాడు మళ్ళీ బోర్డు తగిలించాడే, మేడవాళ్ళంతా వాడి మీదకి చెప్పులు తీశారు" అని పడీపడీ నవ్వేవారు. అందరూ తీగ వేసి సాయంత్రానికి ఇంటికి పోతే, మీరు మాత్రం లిఫ్ట్ ఆపేసి, పని చెయ్యదని బోర్డు పెట్టి, స్విచ్ వచ్చేదాకా తిట్లు తింటూ కూర్చునేవారు. మీ మీద వచ్చినన్ని ఫిర్యాదులు కంపెనీలో ఇంకెవరి మీదా లేవట. తీగ లేని లిఫ్టే కదా ఆగేది, మరి రావా ఫిర్యాదులు? మీకు ప్రమోషన్ రాలేదు. ఆ ఫిర్యాదులు చూపించే కదూ దాన్ని తొక్కేసింది? ఇప్పుడిలా ఇస్త్రీ పెట్టెలు విప్పుకుంటున్నారు.

నిన్న మావాడి కాళ్ళ మీద పడ్డంత పని చేశాను. ఎవరు చెప్తే తీస్తావురా, ఎవర్ని తీసుకురమ్మంటావు అన్నాను. వాడు చేతిలో సూదీ దారం పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు, "నిదానం మామయ్యని రమ్మను. ఆయన ఎప్పుడూ తీగ వెయ్యలేదని నాన్నే అనేవాడు. ఆయన వచ్చి నా మొహం మీద, నేనెప్పుడూ వెయ్యలేదురా, నువ్వూ వెయ్యకు అంటే తీసేస్తా. అన్నీ తీసేస్తా" అని.

అన్నీ అన్నాడన్నయ్యా! వెటకారం కాదు. వాడి కళ్ళు నేను చూశాను. వాడికీ ఎవరో ఒకరు చెప్తే బాగుండు అనే ఉంది. లోపల భయం ఉంది వాడికి. నిద్రలో ఉలిక్కిపడుతున్నాడు. ఎవరో ఒక్క మనిషి, చెయ్యి శుభ్రంగా ఉన్నవాడు వచ్చి చెవి మెలిపెడితే చాలు.

లేవండి. షట్టర్ నేను లాగుతాను. వాడు ఇంటికి వచ్చే వేళయింది. మీరు చెప్పాల్సింది ఒక్క ముక్క.

ఏం? లేవరేం?

ఆ స్క్రూడ్రైవర్ని అలా తిప్పుతారేంటి, పక్కన పెట్టమన్నానుగా. మా గొడవలో తలదూర్చడం ఎందుకనా? మీరు పరాయివారా? ఆ మేడలో ఆ లిఫ్ట్ మీరు బిగించిందే కదా!

గట్టిగా చెప్పండి, వినపడలేదు.

మీరూ... తీగా?

ఎప్పుడు?

ఒకటేనా?

ఒకటే అయితే ఏంటండీ, మీ ఆవిడకి కాన్పు కష్టమై ఆస్పత్రిలో ఉంటే మీరు మాత్రం బోర్డు పెట్టి కూర్చుంటారా? ఎవరైనా వేస్తారు. తర్వాత తీశారుగా? తియ్యలేదా?

ఎందుకు తియ్యలేదు అన్నయ్యా?

మర్చిపోవడం కాదా? మరి?

ఆ. ఫిర్యాదు రాలేదు. అవును. ఎందుకొస్తుంది?

ఎవరికైనా ఏమైనా... తెలీదా? తెలీకపోవడం ఏంటి, అడగలేదా? ఆ వీధిలోకే వెళ్ళలేదా, ఇన్నేళ్ళూ? ఊరుకోండి, కళ్ళు తుడుచుకోండి, బజార్లో జనం చూస్తారు. నేను ఏడుస్తానేమోనని వంకతో వస్తే మీరు ఏడుస్తారేంటి? అందుకేనా పని మానేసింది? నేనింకా ప్రమోషన్ ఇవ్వలేదని అలిగి మానేశారనుకున్నాను. మా ఆయన కూడా అదే అనుకుంటున్నారు.

సరే. సరే. అయిపోయిందేదో అయిపోయింది.

ఇప్పుడు నేనొకటి చెప్తాను, కోప్పడకండి. ఈ సంగతి మీకు తెలుసు, ఇప్పుడు నాకు తెలుసు. మూడో మనిషికి తెలీదు. నాతోనే మట్టిలో కలిసిపోతుంది. మీరు రండి. వచ్చి, నేనెప్పుడూ వెయ్యలేదురా అనండి. అంతే. ఒక్క అబద్ధం. పసిపిల్ల ప్రాణం కోసం ఒక్క అబద్ధం.

తల అలా అడ్డంగా ఊపకండి. ఆలోచించి చెప్పండి.

వాడి మొహం చూసి అబద్ధం ఆడలేరా? ఎందుకాడలేరు? తీగ వేసి లిఫ్ట్ చేత అన్నేళ్ళు అబద్ధమాడించగలిగారు, ఒక్క మాట మీ నోటితో ఆడలేరా? తప్పు, తప్పు, నా నోరు పడిపోను. క్షమించండి. బుర్ర పనిచెయ్యక అంటున్నాను.

కానీ నా బాధ కూడా చూడండి! ఊళ్ళో ఉన్న ఒక్క నిజాయితీపరుడి దగ్గరికి వచ్చాను. ఆయన ఎంత నిజాయితీపరుడంటే, తాను కాదని చెప్పేస్తున్నాడు. ఆ నిజాయితీ నేనేం చేసుకోను? కుట్టుకోనా, కప్పుకోనా?

పోనీ నిజమే చెప్పండి వాడికి. నేనూ వేశానురా, ఆ వీధి తొక్కలేకపోతున్నానురా అని ఇలాగే, ఇప్పుడు నాతో చెప్పినట్టే చెప్పండి. మీ కళ్ళు చూస్తే వాడు తీస్తాడేమో. తియ్యడంటారా? "మామయ్య కూడానా" అని నవ్వుతాడంటారా? అవును. నవ్వుతాడు. ఇక ఎవరూ మిగల్లేదని హాయిగా నిద్రపోతాడు కూడా. ఉలిక్కిపడటం మానేస్తాడు. ఆ భయమొక్కటే ఇప్పుడు వాడిలో మంచిది.

మీ మగవాళ్ళ సిగ్గు బాగుంటుందన్నయ్యా. ఈయన సిగ్గుపడి కుర్చీలో కూర్చున్నారు. మీరు సిగ్గుపడి ఈ కొట్లో కూర్చున్నారు. సిగ్గుపడేవాళ్ళని ఏమంటాం, ఏమీ అనలేం. మంచివాళ్ళు కాబట్టే కదా సిగ్గు అంటాం. తీగ మటుకు ఉన్నచోటే ఉంటుంది.

ఏంటీ? నేనా? నేను వెళ్ళి ఆ పిల్ల తల్లికి చెప్పెయ్యాలా?

మీరు అడుగుతారనుకోలేదు. అడగకుండా ఉంటే బాగుండు అనుకున్నాను. అందుకే ఇంతసేపు ఊపిరాడకుండా వాగాను.

వెళ్ళాను అన్నయ్యా. నిన్న వెళ్ళాను. చినిగిన కర్టెన్ అతుకు వేసి ఇచ్చే వంకతో. చెప్పేద్దామనే వెళ్ళాను, ఒట్టు. వాడి ఉద్యోగం పోతే పోయింది, కేసైతే అయింది అని గుండె రాయి చేసుకునే వెళ్ళాను. మెట్లన్నీ ఎక్కాను, ఈ మోకాళ్ళతో.

ఆ అమ్మాయే ముందు అడిగింది. అంత మంచిది. "ఆంటీ, లిఫ్ట్ తలుపు సరిగ్గా పడటం లేదు, మీ అబ్బాయే కదా చూసేది, ఫర్వాలేదు కదా?" అంది. నోట్లో పెట్టినట్టు అడిగింది. నేను అవునమ్మా అనొచ్చు. ఎక్కకండమ్మా అనొచ్చు. "మీ అబ్బాయే కదా" అన్న మాట ఒక్కటే వినిపించింది నాకు. మా అబ్బాయి. నా కాళ్ళ దగ్గర కూర్చుని దారం ఎక్కించేవాడు.

"ఫర్వాలేదమ్మా. మావాడు చూస్తూనే ఉంటాడు" అన్నాను.

అన్నాను. ఈ నోటితోనే.

ఇవాళ వెళ్ళి, కాదమ్మా, ఎక్కకు అంటే? నిన్న ఫర్వాలేదన్నారుగా ఆంటీ అంటుంది. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? చూశారా, నాకూ అదే మాట వచ్చింది. మావాడి మాట.

ఇంకా ఉంది. అదీ చెప్పేస్తాను, ఇంతదాకా వచ్చాక దాచేదేముంది? వాళ్ళు బయటికి బయల్దేరారు. తాళం వేశారు. లిఫ్ట్ వచ్చింది, బుడ్డది ముందు దూరింది. "రండి ఆంటీ, కలిసి దిగుదాం" అంది ఆ అమ్మాయి, నాకోసం బటన్ నొక్కి పట్టుకుని.

నేను ఎక్కలేదన్నయ్యా. "డాక్టరు నడవమన్నాడమ్మా, మోకాళ్ళకి మంచిదట, మీరు పదండి" అన్నాను.

తలుపు జరిగింది. జానెడు ఉందనగా ఆగింది. ఆ సందులోంచి బుడ్డది చెయ్యి బయటికి పెట్టి నాకు టాటా చెప్పింది. తల్లి చటుక్కున లోపలికి లాక్కుంది, అంతలో లిఫ్ట్ కదిలింది.

నేను మెట్ల దగ్గర నిలబడి చెయ్యి ఊపాను. నవ్వుతూ ఊపాను.